దొరసాని ఈనరాదు

కొండసంత మండలంలో గొడవలకి ఏనాడూ లోటు లేదు. గట్టు కాడ గొడవ, కుళాయి కాడ గొడవ, పెళ్లి పందిట్లో గుత్తొంకాయ చివరి బంతికి అందలేదని గొడవ. వచ్చిన చిక్కల్లా ఆ గొడవలు పొద్దుగూకేలోగా ఎవరో ఒకరు తీర్చి పారేయడమే. అలా ఎవరి ఇష్టమొచ్చినట్టు వాళ్లు తీర్చేసుకుంటే పైవాళ్ల లెక్కకి అందేదెలా? అందుకని బాగా ఆలోచించి, ఊరి చివర పాత విత్తనాల గోడౌనుకి సున్నం కొట్టించి, "సులభ వాణిజ్య వివాద విముక్తి కేంద్రం" అని బోర్డు పెట్టారు. అమ్మకం, కొనుగోలు, తాకట్టు, ఈ మూడింటిలో ఏ తగువొచ్చినా తొంభై రోజుల్లో తీర్చేస్తామని దాని కింద ఇంకో బోర్డు. లోపలి గోడ నిండా నీలం రంగుతో ముప్పై ఒక్క నిబంధనలు రాయించారు. పెయింటరు నాలుగు రోజులు నిచ్చెన దిగలేదు.

ఆ కేంద్రానికి పరిష్కారాధికారిగా అనంతపద్మనాభం గారు వచ్చారు. వచ్చి ఆరు నెలలైంది. ఒక్క వివాదమైనా గడప తొక్కలేదు. రోడ్డు మీద ఇద్దరు మనుషులు గట్టిగా మాట్లాడుకుంటే చాలు, ఆయన కిటికీ దగ్గరికి ఉరికేవారు. వాళ్లు నవ్వుకుంటూ భుజాల మీద చేతులేసుకుని పోతుంటే ఉసూరుమంటూ కుర్చీలో కూలబడేవారు. ఇంతలో పైనుంచి ఉత్తరం వచ్చింది: "ఈ త్రైమాసికం ముగిసేలోగా కనీసం ఒక వివాదమైనా నమోదు కాని యెడల, సదరు కేంద్రము వివాదములు సమృద్ధిగా గల ప్రాంతమునకు తరలించబడును."

త్రైమాసికం ముగియడానికి ఇంకా ముప్పై రోజులున్నాయనగా నూకరత్నం గేదెని తోలుకుంటూ ఆ రోడ్డు మీదికి వచ్చింది.

నూకరత్నానిది దిబ్బవలస. మొగుడు తాపీమేస్త్రీ, ఎక్కడ గోడ లేస్తే అక్కడ ఉంటాడు. ఇల్లు నడిచేది నూకరత్నం పాలవాడిక మీదే. కొండసంతలో పద్దెనిమిది ఇళ్లకి పొద్దుటా సాయంత్రం పాలు పోస్తుంది. పాత గేదె వట్టిపోయింది. పక్కింటి వాళ్ల దగ్గర కొని, తెచ్చి, లాభం మాట దేవుడెరుగు, వాడిక తప్పకుండా ఎలాగో నెట్టుకొస్తోంది. "ఒక్క నెల ఓపిక పట్టండమ్మా, కొత్త గేదె ఈనగానే మీకు చిక్కటి పాలే పాలు" అని పద్దెనిమిది గడపల్లోనూ మాట ఇచ్చేసింది. ప్యాకెట్టు పాలవాడు అవే గడపల చుట్టూ సైకిలు బెల్లు కొట్టుకుంటూ తిరుగుతున్నాడు.

ఆ కొత్త గేదె దొరసాని. మూడో ఈత చూడి గేదె. పేరుకి తగ్గట్టు నడుస్తుంది, పిలిస్తే ఆలోచించుకుని గానీ తిరగదు. గురువారం సంతలో దాలినాయుడు దగ్గర కొన్నది. బేరం కుదిర్చింది పోలయ్య. కొండసంతలో పశువుల బేరం నోటితో చెయ్యరు. అమ్మేవాడి చెయ్యీ, దళారి చెయ్యీ తువ్వాలు కింద కలుస్తాయి. వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. తర్వాత కొనేవాళ్లతోనూ అంతే. చుట్టూ వందమంది నిలబడ్డా ఎంతకి తెగిందో ఆ మూడు చేతులకి తప్ప తెలీదు. పోలయ్య తువ్వాలు కింద ముప్పై ఏళ్లుగా ఎన్ని గేదెలు చేతులు మారాయో లెక్క లేదు. ఒక్కటీ తిరిగి రాలేదు.

సంతలో ఇంకో ఆనవాయితీ ఉంది. గేదెని అమ్ముతారు గానీ మెడలోని పలుపుతాడు ఇవ్వరు. పలుపు ఇస్తే దొడ్లో కళ పోతుందని నమ్మకం. కొన్నవాళ్లు కొత్త తాడు తెచ్చుకోవాలి. నూకరత్నం తెచ్చుకుంది కూడా. కానీ తాళ్లు మార్చే సమయానికి ఎవడో ఆటోవాడు చెవి పక్కనే హారను కొట్టాడు. దొరసాని బెదిరి సంత దాటి పరుగో పరుగు. వెంటపడి పట్టుకునేసరికి దిబ్బవలస దారి సగం అయిపోయింది. పాత పలుపుతోనే ఇంటికి చేరింది.

మూడోరోజు పాడి రుణ సంఘం వాళ్ల పసుపు బిళ్ల చెవికి వేయించడానికి నూకరత్నం దొరసానిని పశువుల ఆసుపత్రికి తోలుకొచ్చింది. ఆసుపత్రి కేంద్రం పక్కనే. అక్కడ దాలినాయుడు ఎదురయ్యాడు.

"ఒలే రత్నం, నా పలుపేదే?"

"దాని మెడలోనే ఉంది మావా. ఎక్కడికి పోద్ది?"

"ఇచ్చేయ్ మరి. మూడు రోజులై మా ఇంటిది నన్ను కూడు తిననిత్తం లేదు. దొడ్లో కళ అమ్ముకొచ్చావంటోంది."

"రెండ్రోజులు ఆగు మావా. కొత్త చోటు కదా, అది మేత ముట్టడం లేదు. ఆ పాత తాడు వాసన చూసే కాసింత నిబ్బరపడతంది."

"నీ గేది నిబ్బరపడితే నా కూడు నువ్వు పెడతావేటి?"

"పెడతాను, రా. ఉలవచారు కాచాను."

"ఉలవచారు కాదే, నాకు తాడు కావాల!"

ఈ చివరి ముక్క దాలినాయుడు కాస్త గట్టిగా అన్నాడు. అంతే. కేంద్రం కిటికీ తలుపు దభీమని తెరుచుకుంది. అనంతపద్మనాభం గారు, ఆయన వెనక గుమాస్తా సింహాద్రి, సింహాద్రి చేతిలో కొత్త రిజిస్టరు, ముగ్గురూ రోడ్డు మీదికి వచ్చేశారు.

"ఏమమ్మా, ఇది అమ్మకం తాలూకు భేదాభిప్రాయమేనా?" అన్నారు పద్మనాభం గారు ఆశగా.

"అబ్బే, తాడండి బాబూ."

"అమ్మకానికి అనుబంధమైన తాడేనా?"

"ఆఁ."

"సింహాద్రీ, రాయి!"

టీ తెప్పించారు. ఫ్యాను వేశారు. దాలినాయుణ్ని జీవితంలో మొదటిసారి ఒక ఆఫీసరు "దయచేసి కూర్చోండి" అన్నాడు. ఆ మర్యాదకి మెత్తబడి అతను చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. నూకరత్నం ఏడో తరగతి చదివింది గనక చదివి పెడదామనుకుంది. కానీ కాయితం మూడు పేజీలు, వాక్యం ఒక్కటే. రెండో పేజీలో ఊపిరాడక సంతకం పెట్టేసింది. వివాదం నంబరు ఒకటి నమోదైంది. సింహాద్రి కొబ్బరికాయ కొట్టాడు.

టీ గ్లాసు కింద పెట్టి నూకరత్నం లేచింది. "ఎందుకొచ్చిన గోలండి. మావా, ఇదిగో ఇప్పుడే విప్పి ఇచ్చేత్తాను నీ తాడు."

"ఆగు!" అని అరిచారు పద్మనాభం గారు. "వివాదం నమోదయ్యాక తాడు ముట్టరాదు. నిబంధన నాలుగు. యథాతథ స్థితి! వివాదాస్పద వస్తువు ఏ స్థితిలో ఉన్నదో తుది తీర్పు వరకు ఆ స్థితిలోనే ఉండవలెను."

"సరే, తాడు ముట్టను. గేదెని తోలుకుపోతాను."

"తాడు వివాదంలో ఉంది. ఆ తాడుకి గేదె ఉంది. తాడు కేంద్రం స్వాధీనంలో ఉండవలెను. అంచేత గేదె కూడా ఉండవలెను."

"నాకు తాడే వద్దండి బాబూ," అన్నాడు దాలినాయుడు బెదిరిపోయి. "ఎల్లొత్తాను."

"వివాదం ఉపసంహరించుకోవాలంటే వివాదం లేదని ముందు విచారణలో రుజువు కావాలి. విచారణకి నలభై అయిదు రోజుల నోటీసు ఉంటుంది," అన్నారు పద్మనాభం గారు ఎంతో ఆప్యాయంగా. "మీరేం కంగారు పడకండి. న్యాయం జరిగే దాకా ఎవ్వరినీ వదిలిపెట్టం."

దొరసానిని కేంద్రం వరండాలో, "సందర్శకులు వేచియుండు స్థలము" అని రాసి ఉన్న స్తంభానికి కట్టేశారు.

మర్నాటి నుంచీ నూకరత్నానికి అదొక ఉద్యోగమైంది. పొద్దున్నే కొన్న పాలు పద్దెనిమిది ఇళ్లకి పోసి, గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని కేంద్రానికి వచ్చేది. మేత మాత్రం వెయ్యనిచ్చారు. అయితే మోపు తూకం వేసి, తిన్నది ఎంత, మిగిలింది ఎంత రాసుకునేవాళ్లు. దొరసాని నెమరు వేస్తుంటే దాని పక్కన కూర్చుని, పొట్ట మీద చెయ్యి వేసి దూడ కదలిక చూసుకుంటూ, తోచక గోడ మీది నీలం అక్షరాలు చదువుకునేది. రోజుకి మూడు నిబంధనలు. అంతకు మించితే తల తిరిగేది.

వారం తిరక్కుండానే పద్మనాభం గారు అమ్మకపు ఒప్పంద పత్రం దాఖలు చెయ్యమన్నారు.

"పత్రమేటండి? తువ్వాలు కింద జరిగింది బేరం."

"అయితే తువ్వాలు దాఖలు చెయ్యండి."

పోలయ్యని పిలిపించారు. అతని భుజం మీది ఎర్ర గళ్ల తువ్వాలు తీసుకుని, నాలుగు మూలలా కేంద్రం ముద్ర వేసి, బీరువాలో పెట్టి తాళం వేశారు.

"బాబూ, అది లేకపోతే రేపు సంతలో నేను బేరాలెలాగ చెయ్యను?" అన్నాడు పోలయ్య బోడి భుజం తడుముకుంటూ.

"ఒప్పందంలోని షరతులు ఈ పత్రంలో కనపడటం లేదేమయ్యా?"

"కనపడకూడదనే కదండి తువ్వాలు."

"నీకు ఈ అమ్మకంలో ఏమైనా ముట్టిందా?"

"దళారీ ముట్టకపోతే ఎందుకు చేత్తానండి!"

పద్మనాభం గారి మొహం వెలిగిపోయింది. వేలు పైకెత్తి గోడ చూపించారు. "నిబంధన పదిహేడు! వివాదాస్పద ఆస్తి నుండి ఏ రూపముననైనను లబ్ధి పొందిన ప్రతి వ్యక్తీ సదరు వివాదమున కక్షిదారుగా పరిగణింపబడును. సింహాద్రీ, ఇతన్ని మూడో కక్షిదారుగా రాయి."

కక్షిదారులు ఎంతమంది ఉంటే కేంద్రానికి అంత గౌరవం. ఆ వరండా ఊడ్చే అప్పలకొండ రోజూ దొరసాని పేడ ఎత్తి పిడకలు కొట్టుకుంటోంది. ఆమె నాలుగో కక్షిదారు అయింది. "పేడ ఎత్తితే కేసేటి, ఎత్తకపోతే మెమో ఇచ్చారు కదండి నిన్న!" అని ఆవిడ మొత్తుకుంది. ఆ మొత్తుకోలు కూడా రాసుకున్నారు.

పదహారో రోజున పాడి రుణ సంఘం కార్యదర్శి గౌరునాయుడు సంచీ చంకన పెట్టుకుని దిగాడు. గేదె కొనడానికి అప్పు ఇచ్చింది ఆ సంఘమే. గేదె వాళ్లకి తాకట్టు. గేదె మీద కేసు నడుస్తోందని తెలిసి ఆయనకి నిద్ర పట్టడం లేదు.

"మా పత్రంలో స్పష్టంగా ఉంది సార్," అని కాగితం తీసి చదివాడు. "నల్లని చూడి గేదె ఒకటి, కుడి కొమ్ము కొద్దిగా వంపు. ఇదే మా హామీ ఆస్తి. రేపో మాపో ఇది ఈనిందంటే ఇక చూడి గేదె కాదు. ఉత్త గేదె. పత్రంలో ఉన్న ఆస్తి లోకంలో ఉండదు. లోకంలో ఉన్న దూడ పత్రంలో ఉండదు. ఆడిట్‌లో నేనేం చెప్పుకోను?"

పద్మనాభం గారు చాలాసేపు కళ్లు మూసుకున్నారు. ఇన్నాళ్లూ తాడు దగ్గరే తచ్చాడుతున్న న్యాయం అసలు రూపం చూపిస్తోందనుకున్నారు కాబోలు. కళ్లు తెరిచి సింహాద్రికి చెప్పి రాయించారు.

"యథాతథ స్థితి సూత్రమును, హామీదారు ప్రయోజనమును దృష్టియందుంచుకొని ఇందుమూలముగా ఆదేశించడమేమనగా, దొరసాని అను సదరు గేదె తుది తీర్పు వెలువడు వరకు చూడిగానే కొనసాగవలెను. కేంద్రము యొక్క వ్రాతపూర్వక అనుమతి లేనిదే ఈనరాదు."

నూకరత్నం గడ్డిమోపు కింద పడేసింది.

"బాబుగారూ, నెలలు నిండిన గేదండి. పొదుగు దిగింది, చూడండి. పది రోజులు కూడా ఆగదు."

"ఆగవలెను. ఉత్తర్వు ఉంది."

"మీ అమ్మగారు మిమ్మల్ని ఎవర్ని అడిగి కన్నారండి?"

"అప్పటికి కేంద్రం ఏర్పడలేదు," అన్నారు పద్మనాభం గారు ఏమాత్రం తడుముకోకుండా.

ఉత్తర్వు నకళ్లు కక్షిదారులందరికీ ఇచ్చారు. గేదెకి కూడా ఇవ్వాలి కదా, ఆదేశం దానికే గనక. సింహాద్రి గోధుమపిండి జిగురు ఉడికించి, కాయితాన్ని దొరసాని కొమ్ముకి అంటించబోయాడు. జిగురు వాసనకి అది మెడ తిప్పి, నాలుక చాపి, ఉత్తర్వుని చుట్టేసి నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలి మింగింది. "నకలు స్వీకరించినది," అని సింహాద్రి రిజిస్టరులో రాసుకున్నాడు.

ఊరంతా నవ్వుకుంది. నూకరత్నానికి నవ్వు రాలేదు. ఆ పదహారు రోజుల్లో వాడిక ఇళ్లు పద్దెనిమిది కాస్తా పదకొండయ్యాయి. మాస్టారి గారి భార్య ప్యాకెట్టు పాలు తలుపు చాటున దాచుకుంటూ, "ఏమనుకోకే రత్నం" అంది. అనుకోవడానికేముంది. అంతకన్నా పెద్ద భయం ఒకటి ఆమెకి లోపల కుదురుగా కూర్చుంది. ఈతలో ఏ కాస్త అటూ ఇటూ అయినా చెయ్యి వేసే దిక్కుండదు. ఈనాక వెంటనే పాలు పిండకపోతే పొదుగు రాయి కడుతుంది. పొదుగు పోయిన గేదె ఇక గేదె కాదు. అప్పు మాత్రం అప్పులాగే ఉంటుంది.

ఇరవై నాలుగో రోజు జిల్లా నుంచి ప్రధాన పర్యవేక్షకులు తనిఖీకి వచ్చారు. మనిషి భారీగా ఉంటారు, కళ్లద్దాలు ముక్కు చివర ఆగుతాయి. కుర్చీలు వరండాలోనే వేశారు. కక్షిదారులందర్నీ, గౌరునాయుణ్ని కూడా పిలిపించి వరండా కింద నిలబెట్టారు. పద్మనాభం గారు గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

"వివాదం నంబరు ఒకటిలో ఈ కేంద్రం ఇచ్చిన చరిత్రాత్మక ఉత్తర్వు మనవి చేస్తాను. సదరు గేదె తుది తీర్పు వెలువడు వరకు..."

దొరసాని లేచి నిలబడింది. తోక ఎత్తింది. నేలని ముంగాలితో రెండుసార్లు గీరి, అటూ ఇటూ తిరిగి, మళ్లీ పడుకుంది. నూకరత్నం చేతిలో మేత జారిపోయింది.

"...చూడిగానే కొనసాగవలెను. కేంద్రము యొక్క వ్రాతపూర్వక అనుమతి..."

ఉమ్మనీటి తిత్తి కనపడింది. దాని వెనకే ఒక కాలి గిట్ట. ఒక్కటే.

"అనుమతి ఇవ్వండి బాబూ!" అని అరిచింది నూకరత్నం. "ఒక కాలే వచ్చింది. రెండోది లోపల మడతపడింది. చెయ్యి పెట్టి సర్దాలి."

"వివాదాస్పద ఆస్తిని ముట్టరాదు! సింహాద్రీ, అనుమతి దరఖాస్తు ఫారం ఎక్కడ?"

"బీరువాలో సార్."

"బీరువా తాళం?"

"తువ్వాలు దాఖలైంది కదా సార్, భద్రత కోసం సంఘం లాకరులో పెట్టాం."

దొరసాని ఒక్క మూలుగు మూలిగింది. నూకరత్నం ఇంక ఎవరి మొహం చూడలేదు. చెంగు దోపింది. మోచేతి దాకా కొబ్బరినూనె రాసుకుంది. ఆ సీసా పది రోజులుగా గడ్డిమోపులో దాచి తెస్తోంది. "మావా, తల పట్టు" అంది. దాలినాయుడు అమ్మేసిన గేదే అయినా, కూడు మాన్పించిన తాడే అయినా, వరండా ఒక్క గంతులో ఎక్కి దొరసాని మెడ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పోలయ్యకి తువ్వాలు లేదు, చొక్కా విప్పి కింద పరిచాడు. అప్పలకొండ నీళ్లు తెచ్చింది. కక్షిదారులంతా ఒక చోట చేరారు.

"ఓరమ్మా... ఓరి నా తల్లీ... అదుగో, దొరికింది కాలు. ఇంకొక్క నొప్పి పడవే. ఒక్కటే. నా బంగారం కదూ!"

దొరసాని ఉత్తర్వుని ధిక్కరించింది. నల్లగా, తడిగా, వణుక్కుంటూ పెయ్యదూడ పోలయ్య చొక్కా మీద పడింది. నూకరత్నం దాని ముక్కులోని జిగట వేలితో తీసి, గడ్డితో ఒళ్లు రుద్దింది. అది ఒక్కసారి తుమ్మింది. నూకరత్నానికి అప్పుడు నవ్వొచ్చింది. కళ్లు తుడుచుకుందామంటే చేతులు మోచేతుల దాకా అలా ఉన్నాయి.

ప్రధాన పర్యవేక్షకులు కళ్లద్దాలు పైకి తోసుకున్నారు. "ఇది ఏ నిబంధన కింద పుట్టింది?" అన్నారు.

పద్మనాభం గారు గోడ మీద వెతకసాగారు. గౌరునాయుడు మాత్రం దూడని చూపిస్తూ, "హామీ ఆస్తిలోంచి వచ్చింది గనక అదీ మాదే" అన్నాడు. "అయితే దాని తుమ్ము కూడా రాసుకో," అన్నాడు దాలినాయుడు. దూడ కాళ్లు కూడగట్టుకుని లేచి, రెండుసార్లు పడి, తల్లి పొదుగు వెతుక్కుంటూ పోతోంది.

"ఆపండి! ఆ పాలు నిర్ణయం కాని ఆస్తి," అన్నారు పద్మనాభం గారు.

"దానికి నోటీసివ్వండి బాబూ. తలొగ్గి ఆగుద్దేమో చూద్దాం," అంది నూకరత్నం.

దూడ తాగింది. తాగినా పొదుగు సగం కూడా తగ్గలేదు. పిండకపోతే ఆస్తికే నష్టమని గౌరునాయుడే మొత్తుకోవడంతో, పిండిన పాలు కేంద్రం స్వాధీనంలో ఉంచాలన్న షరతు మీద పిండనిచ్చారు. బంగారు రంగులో, చిక్కగా బిందెడు జున్నుపాలు. సింహాద్రి బిందె మూతి మీద గుడ్డ కట్టి, లక్క ముద్ర వేసి, వివాదాస్పద ద్రవ పదార్థం అని చీటీ అంటించాడు.

నూకరత్నం చేతులు కడుక్కుంటూ గోడ వైపు చూసింది. చాలాసేపు చూసింది. పదిహేడో నిబంధన, పద్దెనిమిదో నిబంధన, ఆపైన చిట్టచివర ముప్పై ఒకటి. తర్వాత ఎంతో వినయంగా వచ్చి నిలబడింది.

"బాబుగారూ, అవి సాయంత్రానికి విరిగిపోతాయి కదండి. ఆస్తి పాడైతే రేపు మీ మీదికే మాట."

"నిజమే. యథాతథంగా ఉంచేదెలా?"

"బెల్లం, మిరియాలు, యాలక్కాయ వేసి ఆవిరి మీద ఉడికిస్తే గట్టిపడి రెండ్రోజులు నిలుస్తాయి. మీరు సరేనంటే నేనే భద్రపరుస్తాను."

"భద్రపరచు," అన్నారు పద్మనాభం గారు.

గంటన్నరలో కేంద్రం వెనక పొయ్యి మీద ఆస్తి భద్రమైపోయింది. మూత తియ్యగానే మిరియాల ఘాటూ, బెల్లం తీపీ కలిసిన ఆవిరి వరండా దాటి, రిజిస్టర్లు దాటి, పర్యవేక్షకుల వారి కుర్చీ దాకా వెళ్లింది. ఆయన మాట్లాడుతున్న వాక్యం మధ్యలో ఆగిపోయింది.

"ఆస్తి నాణ్యత పరిశీలించాల్సి ఉంటుందేమో," అన్నారాయన.

"తప్పదండి," అంది నూకరత్నం, బాదం ఆకులో పెద్ద ముక్క కోసి పెడుతూ.

పర్యవేక్షకులు మూడు ముక్కలు పరిశీలించారు. పద్మనాభం గారు మొదట వద్దని, తర్వాత కొంచెమని, ఆ తర్వాత ఏమీ అనకుండా ఆకు ముందుకు జరిపారు. సింహాద్రి నిలబడే తిన్నాడు. గౌరునాయుడు హామీ ఆస్తి ఎలా ఉందో చూసుకోవడం తన బాధ్యత అని మరో ముక్క అడిగాడు. జిల్లా ఆఫీసులోని మిగతా ముగ్గురు అధికారులకీ ఒక డబ్బాలో పెట్టి జీపులో పంపించారు. డబ్బా మీద నూకరత్నం తన చేత్తోనే చీటీ రాసి అంటించింది: వివాదం నంబరు ఒకటి.

రెండు రోజుల తర్వాత నోటీసు అక్కర్లేని అత్యవసర విచారణ. దూడని ఏ పేరుతో నమోదు చెయ్యాలన్నది ఆనాటి అంశం. పద్మనాభం గారు ఇంకా నోరు తెరవకముందే నూకరత్నం లేచింది.

"ఒక మనవి బాబుగారూ. దళారీ ముట్టిందని పోలయ్యన్నని కక్షిదారు చేశారు. పేడ ఎత్తిందని అప్పలకొండని చేశారు. మొన్న జున్ను తిన్నవాళ్లని రాయించడం మరిచిపోయారు."

సింహాద్రి మూతి తుడుచుకున్నాడు.

"అది... పరిశీలన," అన్నారు పద్మనాభం గారు.

"పేడ కంటే జున్ను ఎక్కువ లబ్ధి కాదేటండి? ఏ రూపముననైనను అని రాసుంది. అదుగో, మీ తల మీదే ఉంది పదిహేడు. దాని కింద పద్దెనిమిది చదవండి. కక్షిదారు తీర్పు చెప్పరాదు."

పద్మనాభం గారు గోడ వైపు తిరిగారు. ఆయన గొప్పతనం ఏమిటంటే, గోడ మీద ఉన్నదాన్ని కాదనడం ఆయనకి చేత కాదు. సింహాద్రితో రాయించారు: అయిదో కక్షిదారు, గౌరునాయుడు. ఆరు, సింహాద్రి. ఏడు, ప్రధాన పర్యవేక్షకులు. ఎనిమిది, తొమ్మిది, పది, జిల్లా ఆఫీసు వారు. నుదురు తుడుచుకుని, పదకొండు, అనంతపద్మనాభం.

"ఇక తీర్పు చెప్పేదెవరు?" అన్నాడు దాలినాయుడు.

"జిల్లాలో మిగిలినవారు లేరు," అన్నారు పద్మనాభం గారు నీరసంగా. "డబ్బా అందరికీ వెళ్లింది."

"ముప్పై ఒకటి కూడా ఉందండి," అంది నూకరత్నం. "మీరు చదవండి. నాకు అంత పెద్ద మాటలు నోరు తిరగవు."

ఆయనే చదివారు. "తీర్పు చెప్పుటకు అర్హుడైన అధికారి లేని యెడల, సదరు వివాదము దాఖలు కానట్లే భావింపబడును."

చదవడం పూర్తయ్యేసరికి నూకరత్నం పాత పలుపు విప్పేసింది. ఇరవై ఆరు రోజులుగా తట్టలో మోస్తున్న కొత్త తాడు దొరసాని మెడకి కట్టింది. పాతది దులిపి దాలినాయుడి చేతిలో పెట్టింది. అతను దాన్ని వాసన చూసి, కళ్లకద్దుకుని, "ఇయ్యాల కూడు దొరుకుద్దే రత్నం," అన్నాడు. "ఎందుకు దొరకదు మావా," అంటూ అతని చేతికి చిన్న గిన్నె ఇచ్చింది. "అత్తకి. రెండో రోజు జున్ను."

పద్మనాభం గారు మాత్రం దిగులుగా కూర్చున్నారు. దాఖలే కాకపోతే కేంద్రం ఎత్తేస్తారు. అప్పుడు సింహాద్రి, గుమాస్తాగా పాతికేళ్లు పండినవాడు, మెల్లిగా చెవిలో అన్నాడు. "సార్, దాఖలు కానట్లు భావింపబడునన్నారు గానీ నంబరు కొట్టెయ్యమనలేదు. రిజిస్టరులో ఒకటి ఉంది. పెండింగు సున్నా." ఆ నెల నివేదికలో అలాగే వెళ్లింది: నమోదైనవి ఒకటి, పెండింగు సున్నా. కొండసంత కేంద్రానికి మెచ్చుకోలు పత్రం వచ్చింది. దాన్ని దొరసానిని కట్టిన స్తంభానికే తగిలించారు.

పోలయ్యకి తువ్వాలు తిరిగి ఇచ్చారు. నాలుగు మూలలా నీలం ముద్రలు ఉతికినా పోలేదు. సంతలో దానికి మరీ గిరాకీ పెరిగింది, సర్కారు ముద్ర ఉన్న తువ్వాలు కదా.

తర్వాతి వారం పొద్దున్నే పద్మనాభం గారు సంత మొదట్లో, చేతిలో క్యాను పట్టుకుని నూకరత్నం కోసం నిలబడ్డారు. ఆమె వాడిక ఇళ్లు మళ్లీ పద్దెనిమిది అయ్యాయి. ప్యాకెట్టువాడు బెల్లు వేరే ఊళ్లో కొడుతున్నాడు.

"పూటకి అర లీటరు పోస్తావా అమ్మా? ధర ఏమిటి?"

నూకరత్నం అటూ ఇటూ చూసి, పోలయ్యని పిలిచింది. పోలయ్య వచ్చి ముద్రల తువ్వాలు పరిచాడు. పద్మనాభం గారు కాసేపు దాన్ని చూశారు. రోడ్డు ఆ చివరా ఈ చివరా చూశారు. క్యాను కింద పెట్టి, చొక్కా చెయ్యి మడిచి, తువ్వాలు కింద చెయ్యి పెట్టారు. వేళ్లు కదిలాయి. ఆయన మొహం మొదట చిన్నబోయి, తర్వాత తేటపడింది.

"కాయితం మీద రాసుకుంటారేటి బాబుగారూ?" అంది నూకరత్నం.

"వద్దు వద్దు," అన్నారాయన, చెయ్యి ఇంకా తువ్వాలు కిందే ఉంచి.